ఒక్క పాఠం, నలుగురు టీచర్లు: జపాన్ 'లెసన్ స్టడీ' మన స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో సాధ్యమేనా?

ముందుగా ఒక చిన్న లెక్క. ఒకటి ముప్పావును అరతో భాగిస్తే ఎంత?

స్కూల్లో నేర్చుకున్నది గుర్తుంటే ఇట్టే చేసేస్తారు. ఒకటి ముప్పావు అంటే 7/4. భాగించే భిన్నాన్ని తిరగేసి గుణించాలి కాబట్టి 7/4 × 2. జవాబు మూడున్నర. ఇంతవరకు ఇబ్బంది లేదు. ఇప్పుడు ఇదే లెక్కకు సరిపోయేలా ఐదో తరగతి పిల్లాడికి ఒక చిన్న కథ చెప్పండి.

'ఒకటి ముప్పావు కిలో పల్లీలను ఇద్దరికి సమానంగా పంచితే...' అని మొదలుపెట్టారా? అది రెండుతో భాగించడం, అరతో కాదు. 'ఒకటి ముప్పావు కిలోలో సగం ఎంత?' అన్నారా? అదీ రెండుతో భాగించడమే. సరైన కథ ఇలా ఉంటుంది: ఒకటి ముప్పావు కిలో పల్లీలున్నాయి. అర కిలో పొట్లాలు కడితే ఎన్ని అవుతాయి? మూడు పొట్లాలు నిండుతాయి, పావు కిలో మిగులుతుంది. ఆ మిగిలిన పావు కిలో అంటే అర పొట్లం. అందుకే మూడున్నర. 'మిగిలింది పావు కదా, జవాబులో అర ఎలా వచ్చింది?' అని ఏ పిల్లాడైనా అడిగితే, వాడికి లెక్క అర్థమవుతోందన్నమాటే.

ఈ లెక్కకు ఒక చరిత్ర ఉంది. లిపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికా, చైనాల్లోని ప్రాథమిక పాఠశాల టీచర్లకు సరిగ్గా ఇదే లెక్క ఇచ్చి, కథ కూడా చెప్పమన్నారు. ఆ ఫలితాలు 1999లో పుస్తకంగా వచ్చాయి. అమెరికాలో 23 మంది టీచర్లలో 21 మంది లెక్క చేయడానికి ప్రయత్నిస్తే, పూర్తిగా సరిగా చేసింది 9 మందే. సరైన కథ చెప్పింది ఒక్కరు. చైనాలో 72 మందీ లెక్క సరిగ్గా చేశారు, 90 శాతం మంది కథ కూడా సరిగ్గానే చెప్పారు. ఆశ్చర్యం ఏంటంటే చదువు ఎక్కువ ఉన్నది అమెరికా టీచర్లకే. వాళ్లంతా డిగ్రీ చేసినవారు. చైనా టీచర్లలో ఎక్కువమంది హైస్కూలు మెట్టు దాటకుండానే టీచర్ ట్రైనింగ్ స్కూలుకు వెళ్లి ఉద్యోగంలో చేరినవారు.

మరి తేడా ఎక్కడొచ్చింది? ఉద్యోగంలో చేరాక ఏం జరిగిందన్న దాంట్లో. చైనా స్కూళ్లలో ఒకే సబ్జెక్టు చెప్పే టీచర్లు ఒక బృందంగా కూర్చుని పాఠ్యపుస్తకాన్ని పేజీ పేజీ చర్చిస్తారు. ఒకరి క్లాసుకు ఒకరు వెళ్లి చూస్తారు. లెక్క చెప్పడం ఎలాగో వాళ్లు ఉద్యోగం చేస్తూ, తోటి టీచర్ల దగ్గరే నేర్చుకున్నారు.

ఇది ఇప్పుడు ఎందుకు మాట్లాడుకోవాలి?

కారణాలు మూడు. మొదటిది పిల్లల పరిస్థితి. 2024 డిసెంబరులో దేశవ్యాప్తంగా 21 లక్షల మందికి పైగా విద్యార్థులతో జరిపిన 'పరఖ్' సర్వేలో, ఆరో తరగతి పిల్లల్లో అర, పావు లాంటి మామూలు భిన్నాలను గుర్తించి పోల్చగలిగినవారు 29 శాతమే. అంటే పదిమందిలో ఏడుగురు పైన చెప్పుకున్న పల్లీల లెక్క దాకా కూడా రాలేదు.

రెండోది కొత్త టీచర్లు. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చాయి. వీటి ద్వారా వేలమంది కొత్తవారు తరగతి గదుల్లోకి వచ్చారు. వాళ్లు ఇంకా రెండు మూడు దశాబ్దాలు పాఠాలు చెబుతారు.

మూడోది టెట్. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఐదేళ్ల కంటే ఎక్కువ సర్వీసు మిగిలి ఉన్న టీచర్లు రెండేళ్లలోగా టెట్ పాస్ కావాలి. అంతకంటే తక్కువ ఉన్నవారు కొనసాగవచ్చు కానీ టెట్ లేకుండా ప్రమోషన్ ఉండదు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవారు మళ్లీ గైడ్లు కొనుక్కుని కోచింగ్ మెటీరియల్ ముందేసుకున్నారు. తీర్పు తప్పొప్పుల జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. కానీ ఒక మాట చెప్పుకోవాలి: టెట్ ఒక టీచరును ఒంటరిగా కూర్చోబెట్టి, ఆయనకు ఏం తెలుసో కొలుస్తుంది. పిల్లాడు అర దగ్గర ఎందుకు ఆగిపోయాడో ఆయన పసిగట్టగలడా అన్నది ఆ ఓఎంఆర్ షీటులో కనిపించదు. సరిగ్గా ఆ పని కోసమే పుట్టిన పద్ధతి ఒకటి జపాన్‌లో వందేళ్లకు పైగా నడుస్తోంది.

లెసన్ స్టడీ అంటే ఏంటి?

జపాన్ భాషలో దీన్ని 'జుగ్యో కెంక్యూ' అంటారు. జుగ్యో అంటే పాఠం, కెంక్యూ అంటే పరిశోధన. ఇంగ్లిష్‌లో 'లెసన్ స్టడీ' అని స్థిరపడింది. మాటల్ని బట్టి చూస్తే 'పాఠ పరిశోధన' అనడమే సబబు, ఎందుకంటే ఇక్కడ పరిశోధకులు టీచర్లే.

దీని మూలం మెయిజీ కాలంలో ఉంది. 1872లో జపాన్ దేశమంతటికీ ఒకే విద్యా వ్యవస్థను ప్రకటించింది. అప్పటిదాకా ఊరి బడుల్లో గురువు ఒక్కో పిల్లవాడికి విడివిడిగా చెప్పేవాడు. మన వీధి బడుల లాగే అనుకోవచ్చు. ఒకేసారి తరగతి మొత్తానికి పాఠం చెప్పడం వాళ్లకు కొత్త. టోక్యోలో పెట్టిన టీచర్ ట్రైనింగ్ స్కూలుకు అమెరికా నుంచి మేరియన్ స్కాట్ అనే ఉపాధ్యాయుణ్ని పిలిపించుకుని, ఆయన ఎలా చెబుతున్నాడో కూర్చుని చూశారు. చూసి నేర్చుకోవడం, చూసినదాన్ని చర్చించడం అక్కడి నుంచి మొదలై, తర్వాతి దశాబ్దాల్లో టీచర్లు ఒకరి పాఠం ఒకరు చూసే అలవాటుగా స్థిరపడింది.

బయటి ప్రపంచానికి ఇది తెలిసింది మాత్రం ఆలస్యంగానే. 1995లో 'టిమ్స్' అనే అంతర్జాతీయ సర్వేలో భాగంగా జర్మనీ, జపాన్, అమెరికాల్లో 231 ఎనిమిదో తరగతి లెక్కల పాఠాలను వీడియో తీశారు. వాటిని విశ్లేషించిన జేమ్స్ స్టిగ్లర్, జేమ్స్ హీబర్ట్ 1999లో 'ది టీచింగ్ గ్యాప్' అనే పుస్తకం రాశారు. జపాన్ పాఠాలు ఎందుకు వేరుగా ఉన్నాయి, అవి అలా ఎలా తయారయ్యాయి అని వివరించే క్రమంలో లెసన్ స్టడీ గురించి ఒక అధ్యాయం కేటాయించారు. ఆ అధ్యాయమే అమెరికాలో లెసన్ స్టడీపై ఆసక్తిని రేపింది.

పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. నలుగురైదుగురు టీచర్లు ఒక బృందం. పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో చూసి ఒక అంశం ఎంచుకుంటారు. దాని మీద పాఠ్యపుస్తకాలు, టీచర్ల గైడ్లు, పాత పరిశోధనలు ముందేసుకుని చదువుతారు. ఈ దశకు 'క్యోజాయ్ కెంక్యూ' అని విడిగా పేరే ఉంది, అంటే బోధన సామగ్రి అధ్యయనం. తర్వాత అందరూ కలిసి ఒకే ఒక్క పాఠానికి ప్రణాళిక రాస్తారు. ఒకరు ఆ పాఠం చెబుతారు, మిగతావారు క్లాసులో నిలబడి చూస్తారు. అదే రోజు చర్చ. వీలైతే మార్పులతో ఇంకొకరు మరో క్లాసులో చెబుతారు. చివరికి ఏం తెలిసిందో రాసి పెడతారు. మొత్తం కలిపి వారాలు పడుతుంది.

ఒక పాఠానికి వారాలా? అని అడగాలనిపిస్తుంది. ఆ వారాలు ఎందుకు పడతాయో తెలియాలంటే లోపలికి వెళ్లాలి.

12లోంచి 7: ఈ రెండు అంకెల మీద ఎంత చర్చ!

హిరోషిమా ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్లు లెసన్ స్టడీ ఎలా చేశారో మకోటో యోషిదా అనే పరిశోధకుడు దగ్గరుండి చూసి రాశారు. అది 1999లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆయన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం. తర్వాత క్లియా ఫెర్నాండెజ్‌తో కలిసి పుస్తకంగా తెచ్చారు. పాఠం ఒకటో తరగతిది. అంశం తీసివేత, మన టీచర్లు 'అప్పు తెచ్చుకోవడం' అంటారే, అది.

ఆ టీచర్లు ఎక్కువగా చర్చించిన వాటిలో ఒకటి: మొదటి లెక్కలో ఏ అంకెలు ఉండాలి?

మనకు ఇది చర్చించాల్సిన విషయమేనా అనిపిస్తుంది. కానీ చూడండి. 13లోంచి 9 తీసేయమంటే, 9 అనేది 10కి పక్కనే ఉంది కాబట్టి పిల్లలు 13ను 10, 3గా విడగొట్టి, పదిలోంచి 9 తీసేసి, మిగిలిన 1కి 3 కలుపుతారు. జవాబు 4. తీసి కలపడం అన్నమాట. అదే 11లోంచి 2 తీయమంటే ఇంకోలా చేస్తారు. ముందు ఒకటి తీసేస్తే 10, ఇంకొకటి తీస్తే 9. ఇది తీసి, మళ్లీ తీయడం. అంటే మనం ఇచ్చే అంకెలే పిల్లాడి ఆలోచనను ఒక దారిలోకి నెడుతున్నాయి. పుస్తకంలో మొదట 9తో లెక్కలిస్తే అందరూ ఒకే దారి పడతారు, రెండో దారి ఉందని ఎవరికీ తట్టదు.

చివరికి వాళ్లు 12 - 7 ఎంచుకున్నారు. ఇక్కడ రెండు దారులూ దాదాపు సమానంగా తెరిచే ఉంటాయి. పదిలోంచి 7 తీస్తే 3, దానికి 2 కలిపితే 5. లేదా ముందు 2 తీస్తే 10, ఇంకో 5 తీస్తే 5. వేళ్లు మడిచి లెక్కపెట్టేవాళ్లూ ఉంటారు. ఒకే క్లాసులో ఇవన్నీ బయటికొస్తే వాటిని పక్కపక్కన పెట్టి మాట్లాడవచ్చు.

ఇక్కడే తెలుగువాళ్లకు సంబంధించిన ఒక చిన్న విషయం. జపాన్ భాషలో 12ను 'జూ-ని' అంటారు, నేరుగా 'పది-రెండు'. 13 'జూ-సాన్', అంటే 'పది-మూడు'. మన 'పదమూడు', 'పద్నాలుగు'లో పది వినిపిస్తుంది. 'పన్నెండు', 'పంతొమ్మిది' దగ్గరికొచ్చేసరికి పది దాక్కుంటుంది. ఇంగ్లిష్ మీడియంలో 'ట్వెల్వ్' అంటే అసలేమీ కనిపించదు. ఆరేళ్ల పిల్లాడికి పన్నెండులో ఒక పది ఉందని చెప్పడానికే మన టీచరు ఒక పీరియడ్ పెట్టాలేమో. ఇలాంటి విషయం ఏ జపాన్ గైడులోనూ ఉండదు, మన టీచర్లే కూర్చుని కనిపెట్టాలి. పద్ధతిని తెచ్చుకోవచ్చు గానీ పాఠాన్ని దిగుమతి చేసుకోలేం అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అంకెలు తేలాక ప్రణాళిక రాస్తారు. మన లెసన్ ప్లాన్లలో లక్ష్యాలు, బోధనోపకరణాలు, టీచరు చేసే పనులు ఉంటాయి. జపాన్ ప్రణాళికలో టీచరు అడిగే ప్రశ్న పక్కనే ఇంకో గడి ఉంటుంది: దీనికి పిల్లలు ఏమేం జవాబులు చెప్పవచ్చు? తప్పు జవాబులతో సహా ముందే ఊహించి రాయాలి. ఏ తప్పు వస్తే ఏం అడగాలో కూడా రాయాలి. పల్లీల లెక్కలో 'సగం' అన్న జవాబు వస్తుందని ముందే తెలిసిన టీచరు, అది వచ్చినప్పుడు కంగారుపడడు, 'తప్పు, కూర్చో' అనడు. దాన్ని బోర్డు మీద రాయించి క్లాసు ముందు పెడతాడు. పిల్లల జవాబులను ఇలా ఒకదానితో ఒకటి రాపాడించి ఒక అవగాహనకు తెచ్చే చర్చను 'నేరియాగే' అంటారు. పిండిని పిసికి పదునుకు తేవడం అనే అర్థం ఉన్న మాట అది.

చూసేది టీచరును కాదు

మన దగ్గర ఎవరైనా క్లాసు వెనక కూర్చుంటే ఏం జరుగుతుందో తెలిసిందే. ఎంఈవో వచ్చారని, తనిఖీ అని కబురు పాకుతుంది. నోటు పుస్తకాలు బయటికొస్తాయి. బాగా చదివే నలుగురు ముందు బెంచీకి వస్తారు. పాఠం అయ్యాక వచ్చే వ్యాఖ్య కూడా టీచరు మీదే: గొంతు బాగుంది, బోర్డు వర్క్ బాగుంది, క్లాస్ కంట్రోల్ లేదు.

లెసన్ స్టడీలో ఈ లెక్క తిరగబడుతుంది. పాఠం బృందం అందరిదీ కాబట్టి తప్పు కూడా అందరిదీ. చూడ్డానికి వచ్చినవాళ్లు టీచరును కాదు, పిల్లలను చూస్తారు. ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురు పిల్లల దగ్గర నిలబడి, వాళ్లు మొదట ఏం రాశారు, ఏం కొట్టేశారు, పక్కవాడితో ఏమన్నారు, ఎక్కడ పెన్సిల్ ఆగింది అని రాసుకుంటారు. పిల్లలకు సాయం చేయకూడదు, అందించకూడదు. మన టీచర్లకు ఇది చాలా కష్టమైన నిబంధన అనుకుంటాను. తప్పు రాస్తున్న పిల్లాడి పక్కన నోరు మూసుకుని నిలబడడం వాళ్ల చేతకాదు.

తర్వాత జరిగే చర్చలో 'నాకనిపించింది' అన్నది చెల్లదు, 'ఫలానా వరసలో పిల్లాడు ఇలా రాశాడు' అని చెప్పాలి. పాఠం చెప్పిన టీచరు మొదట మాట్లాడతారు. చివర్లో బయటి నుంచి వచ్చిన అనుభవజ్ఞుడు, విశ్వవిద్యాలయం నుంచో జిల్లా కార్యాలయం నుంచో, గణితం లోతు తెలిసిన వ్యక్తి మాట్లాడతారు. ఈ చివరి మనిషి లేకపోతే చర్చ ఇష్టాగోష్ఠిగా మిగిలిపోతుందని లెసన్ స్టడీపై ఎక్కువగా పనిచేసిన అకిహికో తకహాషి వంటివారు గట్టిగా చెబుతారు.

అయితే ఇది పనిచేస్తుందా?

ఇక్కడ కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. మంచి పేరున్న ప్రతి పద్ధతీ ఎక్కడికి తీసుకెళ్లినా ఫలిస్తుందనుకుంటే పొరపాటు.

అనుకూలంగా ఉన్న గట్టి ఆధారాల్లో ఒకటి అమెరికాలోది. కేథరిన్ లూయిస్, రెబెకా పెర్రీ 39 టీచర్ల బృందాలను లాటరీ పద్ధతిలో వేర్వేరు గ్రూపులుగా విడదీసి పరీక్షించారు. అంశం భిన్నాలే. భిన్నాలపై తయారు చేసిన సామగ్రి పెట్టెతో లెసన్ స్టడీ చేసిన బృందాల్లో టీచర్ల అవగాహనా, పిల్లల అవగాహనా మిగతా గ్రూపుల కంటే స్పష్టంగా మెరుగుపడింది. ఫలితాలు 2017లో వచ్చాయి. మన దృష్టితో చూస్తే ఇందులో ముఖ్యమైన మాట 'సామగ్రి పెట్టె'. టీచర్లను ఊరికే కూర్చోబెట్టి చర్చించుకోమంటే సరిపోదు. చర్చించడానికి ముందు చదవాల్సినది, చూడాల్సినది చేతిలో ఉండాలి.

అదే ఏడాది ఇంగ్లండ్ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. 181 స్కూళ్లలో జరిగిన పెద్ద పరీక్ష అది. ప్రాథమిక విద్య ముగిసేసరికి గణితంలో గానీ, చదవడంలో గానీ లెసన్ స్టడీ వల్ల పిల్లల మార్కులు పెరిగాయనడానికి ఆధారం దొరకలేదని తేల్చారు. పోల్చడానికి పెట్టుకున్న స్కూళ్లలోనూ కొన్ని ఇలాంటి పనులే చేస్తున్నాయన్న వివరణ ఉంది. అక్కడ అమలు చేసిన రూపం జపాన్‌లోది కాదన్న వాదనా ఉంది. ఏదేమైనా, ఈ ఫలితాన్ని దాచిపెట్టి లెసన్ స్టడీని పొగడడం సరికాదు.

ఫ్లోరిడా కథ మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. 2010లో 'రేస్ టు ది టాప్' అనే కేంద్ర పథకం నిధులతో ఆ రాష్ట్రం లెసన్ స్టడీని రాష్ట్రమంతటా ప్రోత్సహించింది. తర్వాత పరిశీలించిన పరిశోధకులకు కనిపించింది ఏంటంటే, చాలా జిల్లాల్లో టీచర్ల టైమ్‌టేబుల్ మార్చలేదు, దానికంటూ విడిగా డబ్బు కేటాయించలేదు, ఉన్న పని మీద ఇంకో పనిగా తగిలించారు. పై నుంచి ఉత్తర్వు వస్తే కింద ఏం జరుగుతుందో తెలుగు రాష్ట్రాల టీచర్లకు వివరించక్కర్లేదు.

జపాన్ కూడా స్వర్గమేం కాదు. ప్రాథమిక పాఠశాలల్లో ఉన్నంత లెసన్ స్టడీ అక్కడి హైస్కూళ్లలో ఉండదు. ఓఈసీడీ 2018 సర్వే ప్రకారం జపాన్ మాధ్యమిక పాఠశాల టీచరు వారానికి 56 గంటలు పనిచేస్తారు. సర్వే చేసిన దేశాల సగటు 38 గంటలు. ఆ 56లో క్లాసులో పాఠం చెప్పేది 18 గంటలే. మిగతాది క్లబ్బులు, కాగితాలు, ప్రణాళికలు. అంటే లెసన్ స్టడీకి అయ్యే అసలు ఖర్చు డబ్బు కంటే ముందు టీచరు సమయం.

మన దగ్గర గది ఉంది, కుర్చీలున్నాయి

తమాషా ఏంటంటే, దీనికి కావాల్సిన చట్రం తెలుగు రాష్ట్రాల్లో ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు స్కూల్ కాంప్లెక్స్. చుట్టుపక్కల బడులన్నింటినీ ఒక హైస్కూలుకు అనుసంధానించాలన్న ఆలోచన 1964-66 నాటి కొఠారీ కమిషన్‌ది. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే గుర్తుచేసింది. ఉమ్మడి రాష్ట్రంలో 1980లలో మొదలై బ్రిటన్ సాయంతో నడిచిన 'ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం' కింద టీచర్స్ సెంటర్లు పెట్టారు. చుట్టుపక్కల బడుల టీచర్లు అక్కడ కలిసి కృత్యాలు తయారు చేసుకునేవారు. గోడల మీద పిల్లలు గీసిన బొమ్మలు అంటించడం ఆ కాలంలో చదువుకున్నవారికి గుర్తుండే ఉంటుంది.

ఇప్పటి కాంప్లెక్స్ మీటింగుల ఎజెండాలో 'మాదిరి పాఠం' అనే అంశం కూడా ఉంటుంది. ఒక టీచరు లేచి పాఠం చెబుతారు. చాలాసార్లు ఎదురుగా కూర్చునేది పిల్లలు కాదు, తోటి టీచర్లు. పాఠం అయ్యాక చప్పట్లు. పిల్లలే లేని చోట పిల్లలు ఎలా ఆలోచిస్తారో ఎవరు చూస్తారు? పైగా అదే రోజు సర్క్యులర్లు, యాప్‌ల అప్‌లోడ్లు, పెండింగ్ వివరాలు, కొత్త ఫార్మాట్లు అన్నీ తేలాలి. మాదిరి పాఠం వాటి మధ్య ఇరుక్కుంటుంది.

ఇంకోవైపు శిక్షణలు. మనకు అలవాటైన పద్ధతి గొలుసుకట్టు. రాష్ట్ర స్థాయిలో కొందరికి చెబుతారు, వాళ్లు జిల్లాలో చెబుతారు, జిల్లావాళ్లు మండలంలో చెబుతారు. పై నుంచి కిందికి వచ్చేసరికి పాలల్లో ఎన్ని నీళ్లు కలిశాయో ఎవరూ చూడరు. 2019లో వచ్చిన 'నిష్ఠ' 42 లక్షల మంది టీచర్లను లక్ష్యంగా పెట్టుకుంది. కోవిడ్ తర్వాత అది 'దీక్ష' వేదిక మీదికి, అంటే ఆన్‌లైన్‌లోకి మారింది. జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకు ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి నైపుణ్య శిక్షణ ఉండాలంటోంది. గంటలు లెక్కపెట్టడం సులువు కాబట్టి గంటలే లెక్కపెడుతున్నాం. వీడియో ఆడుతూ ఉంటుంది, చివర్లో క్విజ్, సర్టిఫికెట్ డౌన్‌లోడ్. 12 - 7 మీద నలుగురు టీచర్లు మూడు వారాలు చర్చించుకుంటే అది ఆ 50 గంటల్లోకి వస్తుందా? రావాలంటే ఎవరు, ఎలా నమోదు చేయాలి? ఈ చిన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఏ టీచరూ ఆ పనికి పూనుకోరు.

ఏం మారితే సాధ్యం?

కొత్త పథకం, కొత్త పేరు, కొత్త లోగో అక్కర్లేదన్నది ఈ వ్యాస రచయిత అభిప్రాయం. కావాల్సినవి చిన్నవే, కానీ ఎవరూ ఇవ్వడానికి ఇష్టపడనివి.

కాంప్లెక్స్ మీటింగుల్లో కొన్నింటినైనా సర్క్యులర్లకు దూరంగా ఉంచాలి. ఒక టర్మ్‌కు ఒకే అంశం, ఉదాహరణకు ఐదో తరగతి భిన్నాలు. మొదటి మీటింగులో పుస్తకాలు, గత పరీక్షల్లో పిల్లలు చేసిన తప్పులు ముందేసుకోవాలి. మధ్యలో ప్రణాళిక. తర్వాత నిజమైన పిల్లలతో, నిజమైన తరగతి గదిలో పాఠం, వెంటనే చర్చ. జపాన్‌లో ఇలాంటి రోజున తక్కిన తరగతుల పిల్లలను ముందే ఇంటికి పంపేసి, ఒక్క తరగతిని ఉంచుకుంటారు. అలా చేస్తే టీచర్లందరూ చూడగలుగుతారు. మన దగ్గర అలా పంపాలంటే అనుమతి ఎవరివ్వాలన్నదే మొదటి చిక్కు. మధ్యాహ్న భోజనం లెక్క దగ్గర్నుంచి హాజరు యాప్ దాకా అన్నీ అడ్డొస్తాయి.

బయటి నుంచి మాట్లాడే అనుభవజ్ఞుల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ప్రతి ఉమ్మడి జిల్లాలోనూ డైట్ ఉంది. అక్కడి గణిత అధ్యాపకులు నెలకు ఒకటి రెండు కాంప్లెక్సులకు వెళ్లడం వారి అసలు పనిలో భాగమే. ఖాళీలు నింపకుండా డెప్యుటేషన్లతో నెట్టుకొస్తే మాత్రం వెళ్లేవారు ఉండరు. అలాగే ఎస్‌సీఈఆర్‌టీలు భిన్నాలు, స్థానవిలువ, భాగహారం లాంటి నాలుగైదు గట్టి అంశాలకు తెలుగులో సామగ్రి తయారు చేసి ఇవ్వగలవు. లూయిస్, పెర్రీ పరీక్షలో ఫలితం తెచ్చింది అలాంటి సామగ్రే. పాఠం చూడ్డానికి వచ్చిన అధికారి ఆ రోజు టీచరుకు మార్కులు వేయకూడదని కూడా రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే ముందు బెంచీలో ఆ నలుగురు పిల్లలే మళ్లీ కూర్చుంటారు.

ప్రైవేటు స్కూళ్లకు ఇది ఇంకా సులువు. ఒకే ప్రాంగణంలో నలుగురు లెక్కల టీచర్లు ఉంటారు, సెక్షన్లు ఎక్కువ, ఒక సెక్షన్‌లో చెప్పిన పాఠాన్ని మార్చి మర్నాడు ఇంకో సెక్షన్‌లో చెప్పవచ్చు. కానీ వారానికి నలభై పీరియడ్లు వేసి, వీకెండ్ టెస్టుల పేపర్లు దిద్దించే చోట టీచరుకు ఆ ఊపిరి ఎక్కడిది? మీ పిల్లల స్కూలు పేరెంట్ మీటింగులో ర్యాంకుల గురించి అడిగాక, లెక్కల టీచర్లు వారంలో ఒక్క పీరియడైనా కలిసి కూర్చుంటారా అని కూడా అడిగి చూడండి.

అన్నింటికంటే గట్టి అడ్డంకి వేరే ఉంది. యూడైస్ 2024-25 లెక్కల ప్రకారం దేశంలో 1,04,125 స్కూళ్లు ఒకే టీచరుతో నడుస్తున్నాయి. ఎక్కువ ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్: 12,912. లెసన్ స్టడీకి కనీసం ఇద్దరు టీచర్లు కావాలి. ఆ ఒక్క టీచరు ఐదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ తానే చెబుతారు. పక్క ఊళ్లో భిన్నాల పాఠం చూడ్డానికి ఆయన ఒక పూట వెళ్లాలంటే, ఆ పూట ఆ బడి తలుపు తీసేది ఎవరు? పక్క బడి నుంచి ఎవర్నైనా సర్దుబాటు చేయాలి, లేదా సీఆర్‌పీని పంపాలి. అది కాంప్లెక్స్ హెచ్ఎం స్థాయిలో తేలే పని కాదు. ఏడాది మొదట్లోనే తేదీలతో సహా, మనిషితో సహా మండల స్థాయిలో రాసి పెట్టుకోవాల్సిన పని.